వంటింటి కత్తికి చోటెక్కడ?

మన వంటింట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంటుంది. ఉప్పు జాడీ పొయ్యికి దగ్గర, పోపులపెట్టె చేతికి అందేచోట, బియ్యం డబ్బా మూలన. రాత్రివేళ కరెంటు పోయినా అగ్గిపెట్టె ఎక్కడుందో ఇల్లాలి చేతికి తెలుసు. కాని "కత్తి ఎక్కడుంది?" అని అడిగి చూడండి. చాలా ఇళ్ళలో వచ్చే జవాబు ఒక్కటే: "ఇప్పుడే ఇక్కడే పెట్టాను." ఆ "ఇక్కడే" ఒకరోజు గిన్నెల కింద, ఒకరోజు కూరగాయల తొక్కల మధ్య, ఒకరోజు కిటికీ గూట్లో ఉంటుంది.

ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టడానికి రోజుకు రెండు మూడుసార్లు చేతిలోకి తీసుకునే పనిముట్టు ఇది. రెండేళ్ళ బిడ్డ చేతికి అందకూడని పనిముట్టు కూడా ఇదే. కనుక దానికి ఇంట్లో ఒక స్థిరమైన చోటు ఏర్పాటు చేసుకోవడం గురించి ఈ నెల ఆలోచిద్దాం. ఇందుకు డబ్బు పెద్దగా అక్కరలేదు. కొంచెం ఆలోచన, ఒక చిన్న అలవాటు చాలు.

కత్తిపీట నుండి చాకు వరకు

సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న అల్వాల్‌ను చూడండి. సిద్దిపేట, కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి దీని మీదుగానే సాగుతుంది. నిజామాబాదు వైపు వెళ్ళే రైలు మార్గం కూడా ఇటే. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసేవరకు ఇది వేరుగా ఒక మున్సిపాలిటీ. పల్లెలనుండి పనికోసం, పిల్లల చదువుకోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుచేత ఒకే వీధిలో రెండు రకాల వంటిళ్ళు కనిపిస్తాయి. ఒక ఇంట్లో అమ్మమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతుంది. పక్కింట్లో కోడలు గట్టు దగ్గర నిలబడి పలక మీద చాకుతో తరుగుతుంది. కొన్ని ఇళ్ళలో ఈ రెండు పనిముట్లూ ఉంటాయి. దాచే పద్ధతి మాత్రం రెండింటికీ వేరు.

కత్తిపీట మనకు పాతకాలపు చుట్టం. కొన్ని ప్రాంతాలలో దీన్నే ఈలపీట అంటారు. తమిళులు అరువామణై అంటారు, కన్నడిగులు ఈళిగె మణె అంటారు, మరాఠీవారు విళీ అంటారు, బెంగాలీలు బోటీ అంటారు. ఇన్ని భాషలలో ఇన్ని పేర్లున్నా అమరిక ఒక్కటే. చెక్క పీట, దానికి నిలువుగా బిగించిన వంపు కత్తి, పీటను కాలితో అదిమిపట్టి రెండు చేతులతో కాయను కత్తి మీదికి నెట్టడం. రెండు చేతులూ కాయనే పట్టుకుంటాయి గనుక చేపలకూ గుమ్మడికాయకూ కూడా ఇది అనువుగా ఉంటుంది. కాని ఒక చిక్కుంది. చాకు పని అయిపోతే పక్కకు పడుకుంటుంది. కత్తిపీట పని అయిపోయినా నిలబడే ఉంటుంది. దాని వాదర మనిషి వైపే చూస్తూ ఉంటుంది.

మన ప్రాంతానికి ఉక్కుతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కును పూర్వం పారశీక దేశపు వర్తకులు వచ్చి కొనుక్కుని వెళ్ళేవారు. పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగంలో వాయిసీ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి కొలుములను స్వయంగా చూసి వివరాలు రాశాడు. మన తాతల ఇళ్ళలోని కత్తులు ఊరి కమ్మరి కొలిమిలో పుట్టినవే. అవి చక్కగా పదునెక్కుతాయి, తడి తగిలితే తుప్పు పడతాయి. ఇప్పుడు మనం కొనే స్టెయిన్‌లెస్ స్టీలు చాకుల కథ వేరు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పును తట్టుకునే ఉక్కును తయారుచేశాడు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే పైన సన్నని పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. అయినా ఉప్పు, పులుపు, తడి ఎక్కువసేపు తగిలితే స్టీలు చాకుకు కూడా మచ్చలు పడతాయి. కనుక ఏ కత్తినైనా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తరువాతనే దాచాలి.

ఎక్కడ పెట్టకూడదు?

మంచి చోటు వెదికేముందు చెడ్డ చోట్లు తెలుసుకోవడం మేలు.

మొదటిది, గిన్నెలు తోమే చోటు. సబ్బు నురుగు కింద ఉన్న చాకు కంటికి కనబడదు. గిన్నెల కోసం చెయ్యి పెట్టినవారికి తెగుతుంది. చాలా ఇళ్ళలో ఆ చెయ్యి మనది కాదు, గిన్నెలు తోమడానికి వచ్చే అమ్మది. అరచెయ్యి తెగితే ఆమె నాలుగు ఇళ్ళ పని ఆగిపోతుంది, ఆ రోజుల జీతం పోతుంది. కనుక చాకును ఎంగిలి గిన్నెలలో వేయకండి. వాడినవారే వెంటనే కడిగి, తుడిచి, దాని చోట పెట్టాలి. ఈ ఒక్క నియమం పాటించినా ఎన్నో గాయాలు తప్పుతాయి.

రెండవది, చెంచాల డబ్బా. గోడకు బిగించిన స్టీలు స్టాండులో చెంచాలకు, గరిటెలకు ఒక గూడు ఉంటుంది. అందులోనే చాకులను మొన పైకి ఉండేలా నిలబెడతాం. చెంచా కోసం వంగినవారి అరచేతికో ముఖానికో ఆ మొన ఎదురుగా ఉంటుంది. మొన కిందికి పెడితే పర్వాలేదా అంటే, అప్పుడు కూడా పక్కనున్న గరిటెలు తీస్తుంటే వేళ్ళకు వాదర తగులుతుంది. చాకుకు చెంచాలతో పొత్తు వద్దు.

మూడవది, తాళంలేని సొరుగు. సొరుగులో విడిగా పడేసిన చాకులు తెరిచినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతాయి. ఒకదానికొకటి తగిలి పదును పోతుంది. చీకట్లో చెయ్యి పెట్టినవారి వేలు తెగుతుంది.

నాలుగవది, అందనంత ఎత్తున్న సజ్జ అంచు. "పిల్లలకు అందదు కదా" అని అటక మీద పెడతాం. కాని అక్కడ అది మనకు కూడా కనబడదు. మునివేళ్ళ మీద నిలబడి తడుముతుంటే జారి మన మీదనే పడుతుంది. ఎత్తున ఉండాలి, కాని కనబడాలి. పెద్దవారి భుజానికీ కంటికీ మధ్య ఎత్తు మంచిది.

ఐదవది, గట్టు అంచు, కిటికీ గూడు, ఫ్రిజ్ నెత్తి. ఇవి తాత్కాలికంగా పెట్టే చోట్లు. అయితే చాలా గాయాలు ఇలా తాత్కాలికంగా పెట్టిన చోటనే జరుగుతాయి. పైగా కిటికీ గూట్లోని కత్తి బయటివారి చేతికి కూడా అందుతుంది.

ఎక్కడ పెట్టాలి?

చాకులు దాచడానికి ఇప్పుడు బజారులో రకరకాల సాధనాలు దొరుకుతున్నాయి. ప్రతిదానికీ మంచీ చెడూ ఉన్నాయి. మీ ఇంటికి ఏది సరిపోతుందో మీరే చూసుకోవాలి.

చెక్క దిమ్మె: చీలికలున్న చెక్క దిమ్మెలో చాకును దించితే పిడి మాత్రమే బయటికి కనిపిస్తుంది. వాదర లోపల భద్రంగా ఉంటుంది. అయితే తడి చాకును దించితే చీలికలో తేమ నిలిచి బూజు పడుతుంది. రొట్టె పొడి, కూరగాయల తునకలు లోపల చేరితే బొద్దింకలు వస్తాయి. అప్పుడప్పుడు తలకిందులు చేసి దులిపి, ఎండలో ఆరబెట్టాలి. పైగా దిమ్మె గట్టు మీదనే ఉంటుంది గనుక గట్టు అందుకునే పిల్లలున్న ఇంటికి ఇది తగదు.

అయస్కాంతపు పట్టీ: గోడకు బిగించిన పట్టీకి చాకు అంటుకుని ఉంటుంది. గాలి తగులుతుంది, తడి నిలవదు, ఎన్ని చాకులున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. పిల్లలకు అందని ఎత్తులో, పొయ్యికీ దారికీ దూరంగా, గట్టి మేకులతో బిగించాలి. కేవలం జిగురుతో అతికించిన పట్టీని నమ్మకండి. పెట్టేటప్పుడు ముందు చాకు వెన్ను తగిలించి, తరువాత మెల్లగా వాల్చాలి. తీసేటప్పుడు కూడా పక్కకు ఈడ్వకుండా, వెన్ను మీద తిప్పి తీయాలి. పట్టీ బలహీనమైతే బరువైన కత్తి జారుతుంది. కనుక మాంసం కొట్టే కత్తిని దానికి తగిలించకండి. పింగాణీ చాకులు అయస్కాంతానికి అంటుకోవని కూడా గుర్తుంచుకోండి.

గాళ్ళున్న సొరుగు: ఒక్కొక్క చాకుకు ఒక్కొక్క గాడి ఉన్న చెక్క పళ్ళెం సొరుగులో అమర్చుకుంటే చాకులు దొర్లవు. పిల్లలున్న ఇంట్లో ఆ సొరుగుకు గొళ్ళెమో తాళమో తప్పనిసరి. అన్నిటికన్నా పైనున్న సొరుగును ఇందుకు కేటాయించండి. కింది సొరుగులు పాకే బిడ్డకు మెట్లవుతాయి.

ఒర: ప్రతి చాకుకు విడిగా ఒక తొడుగు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వని చోట ఇదే సులభమైన మార్గం. కొననక్కరలేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. మందపాటి అట్ట ముక్కను చాకు వెడల్పుకు రెండింతలకన్నా కొంచెం ఎక్కువగా కత్తిరించి, మధ్యకు మడిచి, తెరిచి ఉన్న అంచును, మొన వైపును గట్టి టేపుతో మూసేయండి. చాకు బాగా ఆరిన తరువాతనే తొడగండి. అట్ట తడిస్తే పారేసి కొత్తది చేసుకోండి. ఒర తొడిగిన చాకును కూడా పిల్లలకు అందనిచోటనే పెట్టాలి, ఎందుకంటే ఒరను లాగడం పిల్లలకు ఆట.

గోడకు చెక్క పట్టీలు: సొరుగులు, అలమరలు లేని పల్లెటూరి వంటింటికి ఇది చక్కని ఉపాయం. రెండు చెక్క పలకల మధ్య అక్కడక్కడ చిన్న చెక్క ముక్కలు పెట్టి, చాకు దూరేంత సందు ఉంచి మేకులు కొట్టాలి. దాన్ని భుజమెత్తున గోడకు బిగిస్తే చాకులు పైనుండి సందుల్లోకి దిగుతాయి, పిడి పలక మీద ఆగుతుంది, వాదర రెండు పలకల మధ్య దాగుతుంది. ముందు పలక మీ ఇంటి అతి పొడవైన చాకు కన్నా వెడల్పుగా ఉండాలి, అప్పుడే మొన కిందికి పొడుచుకు రాదు. మిగిలిన చెక్క ముక్కలతో ఊరి వడ్రంగి దీన్ని కొద్దిసేపట్లో చేసిపెడతాడు.

కత్తిపీట సంగతి

మడత కత్తిపీట అయితే పని కాగానే కత్తిని పీట మీదికి మడిచేయండి. మడత మేకు వదులైతే దానంతట అదే లేస్తుంది, కనుక దాన్ని బిగించుకుంటూ ఉండాలి. మడవడానికి వీలులేని పాతకాలపు కత్తిపీట అయితే పక్కకు పడుకోబెట్టి, వాదరను గోడవైపుకు తిప్పి, మూలకు నెట్టి పెట్టడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. కాని పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఇది చాలదు. పాత నీళ్ళ పైపు ముక్కను పొడవునా చీల్చి వాదర మీద తొడిగి, పైన తాడు చుట్టండి. పైపు వంగుతుంది గనుక వంపు కత్తికి చక్కగా సరిపోతుంది. కొన మీద కొబ్బరి కోరు ఉంటే దానికి కూడా గుడ్డ చుట్టాలి. దాని పళ్ళు కత్తికేమీ తీసిపోవు. పొలానికి వెళ్ళే కొడవలికి కూడా ఇదే పైపు తొడుగు పనికివస్తుంది. సైకిలు మీద, బస్సులో కొడవలి తీసుకుని వెళ్ళేటప్పుడు పక్కవారికి గాయం కాకుండా ఉంటుంది.

ఇంకొక మాట. తరుగుతున్నప్పుడు పాలు పొంగుతాయి, ఫోను మోగుతుంది, తలుపు తడతారు. కత్తిపీటను అలాగే నిలబెట్టి లేచి వెళతాం. మనం తిరిగి వచ్చేలోగా బిడ్డ అక్కడికి చేరుతుంది. కనుక ఎంత తొందర ఉన్నా కత్తిపీటను మడవకుండానో, పడుకోబెట్టకుండానో లేవకూడదు. పాలు పొంగితే గట్టు తుడుచుకోవచ్చు.

ఇంట్లో ఎవరున్నారు?

చోటు ఎంచుకునే ముందు మీ ఇంట్లో ఎవరెవరున్నారో ఆలోచించండి.

చిన్నపిల్లలు ఉంటే, "ముట్టుకోవద్దు" అని చెప్పడం ఒక్కటే రక్షణ కాదు. రెండేళ్ళ బిడ్డకు అమ్మ చేసే ప్రతి పనీ చేయాలని ఉంటుంది. అది అల్లరి కాదు, ఎదుగుదల. చెప్పిన మాట మరచిపోవడం కూడా ఆ వయసుకు సహజమే. కనుక అందకుండా చేయడం పెద్దల పని. బిడ్డ ఈరోజు ఎంత ఎత్తు అందుకుంటుందో చూస్తే చాలదు, స్టూలు జరుపుకుని ఎక్కితే ఎంత అందుతుందో కూడా లెక్క చూడాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలకు మాత్రం దాచడం కన్నా నేర్పించడం మేలు. పక్కన కూర్చోబెట్టుకుని, చిన్న చాకుతో అరటిపండు, దోసకాయ తరగడం నేర్పండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా. ఎలా పట్టుకోవాలో, ఎలా తుడవాలో, ఎక్కడ పెట్టాలో ఈ మూడూ కలిపి నేర్పించాలి.

చూపు తగ్గిన పెద్దవారుంటే చాకు చోటు మార్చకండి. వారికి ఆ చోటు చేతి అలవాటుగా తెలుసు. పిడికి ఎర్రటి గుడ్డో, రంగు టేపో చుడితే సులభంగా కనిపిస్తుంది.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటుంది. ఇంట్లో తాగుడు అలవాటు ఉన్నవారో, మనసు చెదిరి బాధపడుతున్నవారో ఉంటే, కత్తులు కళ్ళెదుట వేలాడే పద్ధతి ఆ ఇంటికి మంచిది కాదు. కోపమో దుఃఖమో పొంగిన ఆ కొద్ది నిమిషాలలో చేతికి ఏదీ అందకపోతే ప్రాణాలు నిలుస్తాయి. తాళమున్న అలమరలో పెట్టి, తాళపు చెవి నమ్మకమైనవారి దగ్గర ఉంచండి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. వారిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకుని వెళ్ళడం కూడా ఇంటివారి బాధ్యతే.

కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడ పైన పిట్టగోడ కట్టాలనే నియమం ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉంది. పడినవాడిది అజాగ్రత్త అని ఇంటి యజమాని తప్పించుకోవడానికి వీలులేదు. పడకుండా చూడవలసినవాడు అతడే. మేడ లేని ఇంట్లో కూడా పిట్టగోడ కట్టవలసిన చోట్లు ఉన్నాయి. కత్తి పెట్టే చోటు అందులో ఒకటి.

పదును, పట్టు

మొద్దు కత్తి ప్రమాదం కాదనుకోవడం పొరపాటు. మొద్దు కత్తితో తరిగేటప్పుడు బలం ఎక్కువ పెడతాం. టమాటా తొక్క మీద అది జారుతుంది, జారి వేలి మీదికి వస్తుంది. పదునైన కత్తి తక్కువ బలంతో, అనుకున్నచోటనే తెగుతుంది. ఇంట్లో సాన రాయి ఉంచుకోండి, లేదా వీధిలోకి చక్రంతో వచ్చే సానపట్టేవారి చేత పదును పెట్టించండి. పదును పెట్టించిన రోజు ఇంట్లో అందరికీ ఆ సంగతి చెప్పండి. పాత అలవాటుతో గట్టిగా అదిమితే తెగుతుంది.

కత్తి జారి పడుతుంటే పట్టుకోబోవద్దు, వెనక్కి జరగండి. ఒకరికి ఇచ్చేటప్పుడు చేతికి ఇవ్వకండి. గట్టు మీద పెట్టండి, వారు తీసుకుంటారు. నడిచేటప్పుడు మొన నేలవైపు, వాదర వెనక్కి ఉండేలా పట్టుకోండి. పనికిరాని పాత చాకును చెత్త సంచిలో విడిగా వేయవద్దు, చెత్త ఎత్తేవారి చేతులు తెగుతాయి. అట్టలో చుట్టి, టేపు వేసి, పాత ఇనుప సామాను కొనేవారికి ఇవ్వండి.

క్రిస్మసు, కోత పండుగ, పెళ్ళి విందులప్పుడు పది ఇళ్ళ కత్తులు ఒకచోట చేరతాయి. ఉల్లిపాయ పొట్టు కుప్పలో, అరటాకుల కింద అవి కలిసిపోతాయి. అక్కడే పిల్లలు పరుగులు పెడుతుంటారు. విందు పనిలో ఒక్కరికి కత్తుల బాధ్యత అప్పగించండి. ఎన్ని వచ్చాయో పొద్దున లెక్కపెట్టి, పని కాగానే అన్నింటినీ ఒక పెట్టెలో వేసి, మళ్ళీ లెక్కపెట్టాలి. లెక్క కుదరకపోతే కుప్పలు ఎత్తకముందే వెదకాలి.

తెగితే ఏం చేయాలి?

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి తెగుతుంది. గాయాన్ని శుభ్రమైన ధారనీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలపాటు గట్టిగా అదిమిపట్టండి. మధ్యలో తీసి చూడవద్దు. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంచండి. కాఫీపొడి, సున్నం, బూడిద, పసుపు, కిరోసిన్ వంటివి గాయంలో వేయకండి. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా నోరు తెరిచి ఉన్నా, వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. లోపల నరమో, వేలిని కదిలించే తంత్రో తెగి ఉండవచ్చు. కత్తి శరీరంలో దిగి ఉంటే మీరు లాగవద్దు. అది కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి తీసుకుని వెళ్ళండి. వేలు తెగి పడితే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూసి, ఆ సంచిని మంచులో ఉంచి వెంట తీసుకుని వెళ్ళాలి. వేలిని నేరుగా మంచులో పెట్టకూడదు. మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇలాంటి వేళకే. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి. పిల్లలకు 10, 16 ఏళ్ళలో వేసే టీడీ టీకా మాన్పించకండి.

ఈ సాయంత్రమే చేయండి

చదివి పక్కన పెట్టకుండా, ఈ సాయంత్రం వంట అయ్యాక ఇంటిల్లిపాదీ వంటింట్లోకి వెళ్ళండి.

1. ఇంట్లో ఎన్ని కత్తులు, చాకులు, కత్తెరలు, కోరులు ఉన్నాయో లెక్కపెట్టండి. మిక్సీ బ్లేడ్లను, తురుము పీటను మరచిపోవద్దు.

2. రెండేళ్ళుగా వాడనివాటిని వేరుచేసి తీసివేయండి. దాచవలసినవి తగ్గితే భద్రత పెరుగుతుంది.

3. మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డ కళ్ళ ఎత్తు నుండి వంటిల్లు చూడండి. మీకు కనబడని పిడి అక్కడినుండి కనబడుతుంది.

4. కత్తికి ఒక చోటు నిర్ణయించి, గిన్నెలు తోమే అమ్మతో సహా అందరికీ చూపించండి.

5. వాడినవారే కడిగి, తుడిచి, అక్కడే పెట్టాలనే నియమం ఇంటి యజమానితోనే మొదలుపెట్టండి. రాత్రి నిద్రమాత్ర కోసమో, మామిడిపండు కోసమో వంటింట్లోకి వచ్చిన నాన్నగారు చాకును బల్ల మీద వదిలితే, పిల్లలకు చెప్పిన పాఠమంతా వృథా.

వారం రోజుల తరువాత ఇంట్లో ఎవరినైనా "కత్తి ఎక్కడుంది?" అని అడగండి. వెదకకుండా వేలు పెట్టి చూపించగలిగితే మీ ఇంటి కత్తికి చోటు దొరికినట్టే.